గేటు దాటిన మాట

చేపల రేవు ఒడ్డున ప్లైవుడ్డుతో కట్టిన గేటు. దాని నుదుటిన తాజా రంగుతో రాసిన పాత సంవత్సరం: 1942. సినిమాలో ఒక గూఢచారిణి చేపలమ్మే మనిషిలా ఆ గేటు దాటి, లోపలి యుద్ధనౌకల వివరాలు మోసుకురావాలి. ఆ పాత్రకు ఇవాళ జ్యోతిర్మయి చివరి పరీక్ష. ఏడేళ్లుగా గుంపులో నిలబడే వేషాలే వేసింది. ఇదీ దక్కకపోతే ఇక నటన మానేస్తానని ఇంట్లో మాటిచ్చి వచ్చింది.

ఒకప్పుడు ఆమె 'నేను' అనాల్సినచోట తన ఊరి యాసలో 'నాను' అంటే ఎంపిక చేసేవాళ్లు నవ్వారు. అప్పటినుంచి మాటను దిద్దుకుంది. దరఖాస్తులో ఊరు హైదరాబాదని రాసింది.

తట్ట నెత్తికెత్తుకుని కాపలావాడి వేషం వేసిన నటుడి ముందు నిలిచింది. "నేను చేపలు అమ్ముకుంటున్నానండీ. నన్నెందుకు ఆపుతున్నారు?"

పరీక్ష కోసం తన చేపల తట్ట తెచ్చిచ్చిన వరహాలమ్మ పక్కున నవ్వింది. "ఓలమ్మా! అలాగంటే గేటుకాడే దొరికిపోద్ది. సేపలమ్మే మనిసి మాటలేటివి? టీవీలో వార్తల్లాగున్నాయి."

"నిజమే," అన్నాడు దర్శకుడు దేవీప్రసాద్. "ఆవిడలా అనగలరా?"

జ్యోతిర్మయి నెత్తిమీది తట్ట సర్దుకుంది. "నాను సేపలమ్ముకుంటన్నాను బాబూ. రోజూ సూత్తన్నావు కదా, ఇయ్యాల కొత్తగా ఆపుతావేటి? ఎండకి సేప పాడైపోతే మీ మావొచ్చి కొంటాడేటి?"

కాపలావాడు నవ్వాపుకోలేక దారి వదిలేశాడు. "ఓలబ్బో" అని బరువుకు గొణుగుతూ జ్యోతిర్మయి తట్ట దించింది.

"ఎన్నాళ్లు సాధన చేశారు?" అన్నాడు దేవీప్రసాద్ సంబరంగా.

"నెల రోజులండీ." దిద్దుకున్న గొంతు మళ్లీ వచ్చింది.

ఈసారి వరహాలమ్మ నవ్వలేదు. "నెల్లో రాదమ్మా అది. తట్ట దించి ఓలబ్బో అన్నావు. అది ఎవులూ నేర్పరు. ఏ ఊరే గుంటా నీది?"

దేవీప్రసాద్ దరఖాస్తు వైపు చూశాడు. కథలో గూఢచారిణి కూడా ఒక్క మాటకే దొరికిపోతుంది. వేషం ఎంత బాగా వేసినా, బరువు దించిన క్షణాన మనిషి తన మాటే మాట్లాడుతుందేమో.

"కూర్మన్నపాలెం, పిన్నీ. ఈ పక్కదే." ఆమె దర్శకుడి వైపు తిరిగింది. "ఊరు తప్పు రాశాను సార్. భయపడి. నాను..." ఆగింది. దిద్దుకోలేదు.

ఆయన కాగితం, కలం ముందుకు జరిపాడు. "ఊరు సరిచేయండి. ఆ మావ మాట కూడా రాసివ్వండి, స్క్రిప్టులో లేదు. రేపు పొద్దున్నే షూటింగుకి గేటు దగ్గరుండాలి."

"రాసుకోండి, రాసుకోండి," అంది వరహాలమ్మ. "ముందు నా తట్ట నాకిచ్చీండి. సేప నిజంగానే పాడైపోతంది."