ఇనాసియో బొటనవేలు

సాంతాన్ బండి వెనక గొంతుకూచుని, టైరు గాడిలో బొటనవేలు పెట్టి చక్రాన్ని మెల్లిగా తిప్పుతున్నాడు ఇనాసియో. కళ్ళు మూసుకునే. ఈ పనికి కళ్ళు కావాలంటే అతనికి అవమానం. గోవాలో రాయబందర్ ఫెర్రీ రేవులో మనుషుల్ని వెనకెక్కించుకు తిప్పే పసుపు మడ్‌గార్డుల మోటారు సైకిళ్ళు పదకొండు, నడిపేవాళ్ళని పైలట్లంటారు. వానలకి ముందు అన్నీ ఈ వేలి కిందకి రావాల్సిందే. మార్చమంటే మార్చాలి, నడుస్తుందంటే నడపాలి. ముప్ఫై ఏళ్ళలో ఈ రేవు పైలట్లు ఎవర్నీ కింద పడేయలేదు, ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం నడుం నిటారుగా చేసుకుంటాడు.

"సాంజావ్ పండగ దాటిస్తుంది పో," అన్నాడు లేచి.

"పండగనాడు అందరితోపాటు బావిలో దూకేది నేను మామా, టైరు కాదు. సరిగ్గా చూశావా?"

"నీ పెళ్ళిచూపులకన్నా సరిగ్గా చూశాన్లే."

టీకొట్టు లూర్దీన పొగలు కక్కే గ్లాసు ఇస్తే గుప్పిట నిండా పట్టుకున్నాడు.

"అవి వేళ్ళా, చువ్వలా? షుగరు మాత్రలు వేసుకుంటున్నావా అసలు?" అంది.

"గుర్తొచ్చినప్పుడు."

ఎనిమిదింటికి ఎస్పెరాన్స టీచర్ వచ్చింది. డెబ్భై దాటాయి, అవతలి ఒడ్డున చొడణంలో పిల్లలకి వయొలిన్ నేర్పుతుంది, పద్దెనిమిదేళ్ళుగా ఆవిడని ఫెర్రీ దాటించి దింపేది ఇనాసియో బండే. వయొలిన్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని పక్కకి తిరిగి కూచుంది. సన్నగా వాన. ముందు సాంతాన్ బండి, దాని మీద వెనక రొట్టెల సంచీతో ఒకాయన. రేవు వాలులో నాచు మీద సాంతాన్ బ్రేకు వేశాడు, వెనక చక్రం పక్కకి జారింది, అంతే, ఇద్దరూ కింద. రొట్టెలు దొర్లుకుంటూ నీళ్ళదాకా వెళ్ళాయి. ఆయన మోచెయ్యి చూసుకుంటూ లేచి తిట్లు మొదలెట్టాడు. ఎముకలేమీ విరగలేదు.

ఇనాసియో వాలు పైనే బండి ఆపి టీచర్‌ని దింపి, కిందకి పరిగెత్తాడు. పడున్న టైరుని ఈసారి కళ్ళు తెరిచి చూశాడు. మధ్యలో నున్నగా మెరుస్తోంది. గాళ్ళ అడుగున ఉండాల్సిన చిన్న రబ్బరు గట్లు పైదాకా వచ్చేశాయి. బొటనవేలు పెట్టాడు. ఏమీ తెలీలేదు. గట్టిగా నొక్కాడు. ఊహూఁ.

టీచర్ గొడుగేసుకుని నెమ్మదిగా దిగొచ్చింది.

"టీచర్, మీ వేలు ఒకసారి ఇక్కడ పెట్టండి."

ఆవిడ వంగి తడిమింది. "గాడెక్కడుంది నాయనా? అరిచెయ్యిలా ఉంది."

మళ్ళీ పైకి తీసుకెళ్ళి తన టైరు చూపించాడు. "మరి ఇది?"

"ఇదీ అంతే. దీని మీదేనా నన్ను తిప్పుతున్నావు?"

ఆవిడ నవ్వుతూ మళ్ళీ ఎక్కబోతే హ్యాండిల్ పట్టుకుని ఆపాడు. "వద్దు టీచర్. నడుద్దాం."

పెట్టె ఒక చేత్తో, ఆవిడ మోచెయ్యి ఇంకో చేత్తో పట్టుకుని వాలు దిగాడు. సగం దారిలో ఆవిడ మెల్లిగా అంది, "చెయ్యి నలిగిపోతోంది ఇనాసియో. కాస్త వదులుగా పట్టుకో." ఎంత గట్టిగా పట్టుకున్నాడో అతనికే తెలీదు.

మధ్యాహ్నం రెండు బళ్ళకీ కొత్త టైర్లు వేయించాడు. పైలట్లందర్నీ పిలిచి, ఒక అగ్గిపుల్ల తీసి చాకుతో గీత గీశాడు.

"గాడిలో ఈ గీత మునిగితే నడపండి. మునక్కపోతే మార్చండి. కళ్ళు తెరుచుకుని చూడండి."

"మరి నీ వేలు, మామా?" అన్నాడు సాంతాన్.

"అది రిటైరైంది. నేనూ."

ఇనాసియో కొత్త టైరు మీద, వెనక ఎవరూ లేకుండా, బస్సులన్నిటికీ దారిస్తూ ఇంటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు వరసలో పది బళ్ళే. టీచర్ సాంతాన్ బండి దగ్గరకొచ్చి, ముందు లూర్దీన దగ్గర దాచిన ఆ గీత అగ్గిపుల్ల అడిగి తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, గాడిలో మూడుచోట్ల పెట్టి చూసింది. అప్పుడు ఎక్కింది.

ఆ అగ్గిపుల్ల ఇప్పటికీ టీకొట్టు అలమరలో పంచదార డబ్బా పక్కనే ఉంటుంది. బీడీ ముట్టించుకోవడానికి అందరూ అక్కడే తడుముతారు. దాని ఎర్ర తల మాత్రం అలాగే ఉంది.