ఒక్క జీతంలో ఇద్దరు

దర్జీ కొట్టు పైనున్న గదిలో ఇద్దరు అమ్మాయిలు అద్దెకుండేవారు. ఒకే కాలేజీ, ఒకే తరగతి, ఇద్దరిదీ కెమిస్ట్రీ. మొదటి అమ్మాయిని క్లాసులో అందరూ ఆర్థికమంత్రి అనేవారు. అంత పొడుగు బిరుదు పలకడానికి బద్ధకమై చివరికి మంత్రితో సరిపెట్టారు. రెండో అమ్మాయి వసపిట్ట. నిద్రలో కూడా ఆ నోరు మూతపడదని మంత్రి పెట్టిన పేరు అది. పోనుపోను పిట్ట అయింది.

కాలేజీ అయ్యాక మంత్రి కళ్లజోళ్ల షాపుకి వెళ్లేది. అద్దాలు తుడవడం, ఊడిన మరలు బిగించడం, వచ్చినవాళ్లకి ఫ్రేములు చూపించడం ఆమె పని. పిట్ట కాలేజీ దగ్గరి కాఫీ షాపులో కప్పులు కడిగి, బల్లలు తుడిచేది. ఇద్దరికీ గంటల లెక్కన జీతం. సెలవు పెడితే జీతానికీ సెలవే. ఇళ్ల నుంచి డబ్బు వచ్చే దారి లేదు. మంత్రి తండ్రి లారీ మీంచి జారిపడి నడుం విరగ్గొట్టుకుని మంచానికే అతుక్కుపోయాడు. పిట్టకి తల్లి ఒక్కతే. ఆవిడ నాలుగిళ్లలో అంట్లు తోమి చిన్న కూతుర్ని బడికి పంపుతోంది.

జీతాలు రాగానే మంత్రి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని డబ్బుని మూడు కవర్లలో సర్దేది. అద్దెకొకటి, తిండికొకటి, పరీక్ష ఫీజుకొకటి.

"దుప్పటి ఎంతుందో కాళ్లు అంతవరకే చాపాలి" అనేది పెద్దరికంగా.

"మన దుప్పటి చేతిరుమాలంత ఉందే తల్లీ. కాళ్లొద్దు గానీ బొటనవేలు చాపుదాం" అనేది పిట్ట.

మార్కెట్ కట్టేసే వేళకి వెళ్లి వాడిన కూరగాయలు తెచ్చుకున్నా, గుడ్డుని దారంతో రెండుగా కోసి పంచుకున్నా, పిట్ట పక్కనుంటే అదంతా ఏదో ఆటలాగే ఉండేది. చదువులో కూడా పిట్టే గట్టిది. మంత్రి బుర్రకెక్కని పాఠాలన్నీ బియ్యం కడుగుతూ విప్పి చెప్పేది.

రెండో ఏడాది వానలు మొదలయ్యాక ఒకరోజు పిట్ట, "ఇకనుంచి రాత్రి భోజనం షాపులోనే పెడతారటే. నా వాటా బియ్యం పొయ్యకు" అంది.

మంత్రి సంబరపడింది. తిండి కవర్లోంచి కొంత తీసి ఫీజు కవర్లో వేసింది. ఆ నెల లెక్క ఎక్కడా తక్కువ పడకుండా కుదిరింది. "చూశావా, మన ప్రభుత్వం లోటులోంచి బయటపడింది" అంటే పిట్ట నవ్వింది గానీ మాటకి మాట అనలేదు.

తర్వాత్తర్వాత పిట్ట మాటలు తగ్గిపోయాయి. మెట్లెక్కి వచ్చి గోడకి జారగిలబడేది. ఏమైందే అంటే, నిలబడి నిలబడి కాళ్లు పీకుతున్నాయనేది. చెవి దుద్దులేవే అంటే, తడిసి నల్లబడుతున్నాయని తీసి దాచానంది. మంత్రి నమ్మింది. నిలబడి చేసే పనిలో కాళ్లెలా పీకుతాయో తనకీ తెలుసు.

ఒక సాయంత్రం గట్టి వాన పట్టి, కరెంటు పోయి, కళ్లజోళ్ల షాపు పెందలాడే మూసేశారు. పిట్ట తడుస్తుందని మంత్రి గొడుగు తీసుకుని కాఫీ షాపుకి వెళ్లింది. గల్లాపెట్టె దగ్గర ఓనరు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. మంత్రి పిట్ట గురించి అడిగింది.

"ఎవరమ్మా, ఆ గలగలా మాట్లాడే పిల్లేనా? మానిపించి నెల దాటింది కదా! బేరాల్లేక ఇద్దర్ని తీసెయ్యాల్సొచ్చింది. మంచి పిల్లే, ఏం చెయ్యను?"

"మరి... రాత్రి భోజనం?"

"భోజనమా? మేం ఎవరికీ పెట్టమమ్మా."

పిట్ట ఇంకెక్కడ ఉంటుందో ఆలోచించి మంత్రి కాలేజీ లైబ్రరీకి వెళ్లింది. పిట్ట అక్కడే, కిటికీ పక్క బల్ల దగ్గర, పుస్తకం తెరుచుకుని దాని మీదే తల వాల్చి ఉంది.

"ఎన్నాళ్లనుంచే ఈ నాటకం?"

పిట్ట తలెత్తి గొడుగు చూసింది. మంత్రి కాఫీ షాపుకి వెళ్లొచ్చిందని అడగకుండానే అర్థమైంది.

"పని వెతుకుతూనే ఉన్నానే. ఎక్కడికెళ్లినా పొద్దున్నించే రమ్మంటున్నారు. పొద్దున కాలేజీ మానేస్తే ఇంక ఇక్కడ ఉండటం దేనికి?"

"అద్దె ఎలా ఇచ్చావు? దుద్దులు అమ్మేశావా?"

పిట్ట చెయ్యి ఖాళీ చెవి మీదికి వెళ్లింది.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే నీ కంచంలోది తీసి నాకు పెడతావు. అప్పుడిద్దరం పస్తుంటాం. ఒక్కదాన్నుంటే పోతుందిలే అనుకున్నా."

మంత్రి ఆ మాటకి ఏడుస్తూనే తిట్టింది, తిడుతూనే చెయ్యి పట్టుకుని గదికి లాక్కొచ్చింది. గిన్నె నిండా అన్నం వండింది. పిట్ట తల దించుకుని తింటుంటే, తను ఫీజు కవర్లో వేసి మురిసిపోయిన డబ్బు ఎక్కడిదో మంత్రికి తెలిసొచ్చింది.

మర్నాడు కవర్లన్నీ నేల మీద బోర్లించి, ఒక్క జీతంలో ఇద్దరు బతికే లెక్క మొదలుపెట్టింది. షాపు మేడమ్‌ని బతిమాలి ఆదివారాలు కూడా పని తీసుకుంది. బస్సు మానేసి నడిచింది. పిట్ట పని కోసం తిరుగుతూనే ఉంది. మంత్రి క్లాసులో కునికిపాట్లు పడటం మొదలైంది. ఒకరోజు షాపులో కళ్లు తిరిగి, ఎవరిదో ఖరీదైన కళ్లజోడు చేతిలోంచి జారి అద్దం పగిలింది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది. మేడమ్ కఠినురాలేం కాదు, అద్దం ఖరీదులో సగమే జీతంలోంచి కోసుకుంది. ఆ సగం చాలు, అద్దె కవరు ఖాళీ అవడానికి.

రెండ్రోజులాగి పిట్ట, "అమ్మని చూడాలనిపిస్తోందే. వారంలో వచ్చేస్తా" అంది. మంత్రి ఫీజు కవర్లోంచే చార్జీలు ఇచ్చింది. పిట్ట పుస్తకాలు గూట్లోనే వదిలి వెళ్లింది గనక మంత్రికి అనుమానం రాలేదు.

వారం పోయాక ఫోన్ వచ్చింది.

"నేనింక రానే. ఇక్కడ సబ్బుల కంపెనీలో ప్యాకింగ్ పని దొరికింది."

"కొత్త లెక్క వేశానే. ఫీజు వచ్చే నెల కడదాం, ఇంటావిడని కాస్త ఆగమని..."

"నీ లెక్కలో తప్పు లేదే పిచ్చిదానా. డబ్బే లేదు. నా పుస్తకాలు నువ్వు వాడుకో."

క్లాసులో లెక్చరర్ హాజరు పిలుస్తూ కొన్నాళ్లు పిట్ట నంబరు కూడా పిలిచింది. పిలిచి, ఒక్క క్షణం ఆగేది. తర్వాత ఒకరోజు ఆగకుండా, పిట్ట నంబరు దాటేసి, దాని తర్వాతదైన మంత్రి నంబరుకి వచ్చేసింది. ఉలిక్కిపడిన మంత్రి "ప్రెజెంట్" అనడానికి ఆలస్యమైంది. గదిలోకి నర్సు ట్రైనింగ్ చేస్తున్న అమ్మాయి వచ్చింది. మంచిదే. ఆమె వంట వేరు, ఆమె సామాను వేరు. అద్దె సగం సరిగ్గా ఒకటో తారీఖున ఇస్తుంది.

ఏడాది చివర, ఆఖరి పరీక్ష రాసి మంత్రి బయటికి వస్తుంటే ఫోన్ మోగింది.

"భోజనాల గంటే మాకు. ప్రశ్నలు చదవవే" అంది పిట్ట.

మంత్రి కాలేజీ మెట్ల మీద కూర్చుని ప్రశ్నపత్రం తెరిచింది. "మొదటిది, ఎసిటిలీన్ నుంచి బెంజీన్ తయారీ..."

"ఎర్రగా కాలిన ఇనప గొట్టంలోంచి పంపాలి. మూడు అణువులు కలుస్తాయి. రెండోది?"

రెండోదీ చెప్పింది. మూడోదానికి మంత్రి ఏం రాసిందో అడిగి, "అయ్యో, అలా కాదే మొద్దూ!" అంటూ పాత పిట్టలా గలగలా మొదలుపెట్టింది. అంతలో అవతల గంట మోగింది. ఎవరో గట్టిగా కేకేశారు.

"వెళ్లాలే. మిగతావి సాయంత్రం అడుగుతా, కాగితం పారెయ్యకు."

సాయంత్రం పిట్ట ఫోన్ చెయ్యలేదు. ఆ తర్వాత చేసినప్పుడల్లా చెల్లి చదువు గురించి, తల్లి మోకాళ్ల గురించి మాట్లాడింది. మిగతా ప్రశ్నలు మాత్రం ఎప్పుడూ అడగలేదు.