లేచే ముందు

"ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా" అన్నాడు మా ఆయన, సాక్సులు వెతుక్కుంటూ. సాక్సులు ఆయన ఎదురుగానే కుర్చీ మీద ఉన్నాయి. తీసి చేతికిచ్చాను. ఆ మాట తన చెల్లెలి గురించి. ఆమె వచ్చే నెల మళ్ళీ ఉద్యోగంలో చేరుతోందట, ఆర్నెల్ల పాపను పగలంతా మా దగ్గర వదులుతుందట. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఫోన్లో అనేసుకున్నారు. నన్ను అడగలేదు. అడగాల్సిన సంగతని ఆయనకు తోచి ఉండదు. స్టాండు ఉయ్యాల ఆదివారం తనే వెళ్ళి తెస్తానన్నాడు. నేను బొమ్మలేసుకునే టేబుల్ కొసన సరిగ్గా సరిపోతుందట. ఒక చేత్తో ఊపుకుంటూ ఇంకో చేత్తో నా పని చేసుకోవచ్చట. ఎంత చక్కగా అమర్చాడో చూడండి.

ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసులో నేను యానిమేషన్ కోర్సు చదువుతున్నాను. ఇది ఆఖరి ఏడు. సోమవారానికి నా ఫిల్మ్ ఇవ్వాలి. ఇస్తే డిప్లొమా వస్తుంది, దానితోపాటు పనీ వస్తుంది. ఒక చిన్న స్టూడియో నడిపే ఆవిడ నా గీత నచ్చిందని, ఫిల్మ్ పూర్తిచేసి చూపిస్తే పిల్లల సిరీస్‌లో కొంత భాగం ఇంటి నుంచే చేసుకోడానికి ఇస్తానని మాటిచ్చింది. ఇవ్వలేకపోతే రెండూ పోతాయి. మా ఆయన అందరి దగ్గరా "మా ఆవిడ ఫ్రీలాన్స్ చేయబోతోంది" అని గొప్పగా చెప్పుకుంటాడు. చెప్పేటప్పుడు 'ఫ్రీ' దగ్గర ఆయన గొంతు కాస్త విశ్రాంతి తీసుకుంటుందని నా అనుమానం.

ఇదివరకు ఒక ప్రింటింగ్ ప్రెస్సులో డిజైన్లు చేసేదాన్ని. అక్కడ అచ్చయ్యే కార్డులూ కరపత్రాలూ అన్నీ నా చేతి మీదుగానే వెళ్ళేవి. ఆర్డరివ్వడానికి ఎవరైనా పార్టీ వస్తే ఓనరు నన్ను చూపించి, మా అమ్మాయి టీ భలే పెడుతుందండీ అనేవాడు. డిజైన్లు ఎవరు చేశారని వాళ్ళు అడిగేవారు కారు, నేను చెప్పేదాన్నీ కాదు, వెళ్ళి టీ పెట్టేదాన్ని. అత్తగారి మోకాళ్ళు మొరాయించాక ఆ ఉద్యోగం మానేశాను. నేను మానెయ్యడమే అన్నిటికంటే తేలికని అందరికీ ఒకేసారి అనిపించింది. అందుకే ఈ ఫిల్మ్ కూడా చేజారితే ఇంకోటి మొదలుపెట్టే ఓపిక నాలో లేదు. ఎవరితోనూ అనలేదు గానీ, పొద్దున మొహం కడుక్కుంటుంటే అదే గుర్తొస్తోంది.

ఫిల్మ్ పెద్దదేం కాదు. ఒకామె టేబుల్ దగ్గర కూర్చుని ఏదో రాసుకుంటూ ఉంటుంది. బెల్లు మోగుతుంది. లేచి వెళ్ళి తలుపు తీస్తుంది. తలుపు అవతల మొదట్లో నేను సముద్రం పెట్టాను. మా టీచరు చూసి తీసేయించింది. ఆవిడకు క్లాసులో రబ్బరు మేడమ్ అని పేరు, ఎవరేం గీసినా సగం చెరిపించి గానీ వదలదు. సముద్రం సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ మనిషిని సరిగ్గా లేవనివ్వు అంది. ఏ కదలికైనా దానికి ముందు చిన్న ఎదురు కదలిక ఉంటుందని ఆవిడ రోజూ చెప్పే పాఠం. ఎగిరేవాడు ముందు వంగుతాడు. విసిరే చెయ్యి ముందు వెనక్కి పోతుంది. అది పట్టుకోకపోతే బొమ్మను పైనుంచి ఎవరో దారం కట్టి లాగినట్టుంటుంది. నా బొమ్మ అచ్చం అలాగే లేస్తోంది.

నిన్ను నువ్వు వీడియో తీసుకుని, చూసి గియ్యమంది మేడమ్. అద్దాల అలమరలో కప్పుల మధ్య ఫోన్ నిలబెట్టి, కూర్చున్నాను, లేచాను. మళ్ళీ కూర్చున్నాను, మళ్ళీ లేచాను. అత్తగారు సోఫాలోంచి చూసి, నడుం నొప్పా అమ్మాయ్ అని అడిగింది. ఆ వీడియో చూసి గీసింది పట్టుకెళ్తే మేడమ్ పెదవి విరిచేసింది. ఇది నువ్వు లేవడం కాదు, లేవడమంటే ఎలా ఉంటుందని నువ్వనుకుంటున్నావో అది, అంది. ఒళ్ళు మండింది గానీ ఆవిడ అన్నది నిజమే.

తర్వాత ఓ మధ్యాహ్నం ఇంకోసారి ఫోన్ పెట్టి, నటించడానికి మనసొప్పక, ఊరికే పని చేసుకుంటూ కూర్చున్నాను. ఫోన్ నడుస్తోందన్న సంగతే మర్చిపోయాను. ఆ రోజు మా ఆయన ఆఫీసు నుంచి తొందరగా వచ్చాడు. తలుపు తీశాను, మంచినీళ్ళిచ్చాను, టీ పెట్టాను, అత్తగారి మాత్ర ఇచ్చాను. ఫోన్ గుర్తొచ్చేసరికి అది వేడెక్కి చచ్చిపోయి ఉంది.

మర్నాడు ఆయన వెళ్ళాక ఆ వీడియోను లాప్‌టాప్‌లో వేసి, ఒక్కో ఫ్రేమే ముందుకు జరుపుతూ చూశాను. తెర మీద ఒకామె వంగి గీసుకుంటోంది. నాలుక కొస పెదాల మధ్య నుంచి బయటికొచ్చింది. ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు. చాలా బాగుంది, నాదేనా అనిపించింది. అప్పుడు మా మూడో అంతస్తులో లిఫ్టు గేటు జరిగిన చప్పుడు సన్నగా వినిపించింది. అంతే, ఆమె భుజాలు రెండూ చెవుల వైపు ఎక్కాయి. నాలుక లోపలికి పోయింది. కుడిచెయ్యి పెన్ను వదిలేసింది. ఎడమచెయ్యి, ఆమె దాని వైపు చూడనైనా చూడకుండా, లాప్‌టాప్ మూతను దించేసింది. తర్వాత అదే చెయ్యి మొహం తుడిచింది, జుట్టు చెవి వెనక్కి దోపింది. పెదాలు సాగాయి. ఇంకా తెరవని తలుపు వైపు చూస్తూ ఆమె నవ్వింది. బెల్లు ఆ తర్వాత మోగింది.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నేనిన్నాళ్ళూ వెతికిన ఎదురు కదలిక నా ఒంట్లోనే ఉంది. దొరికినందుకు సంతోషించాలి. నాకు మాత్రం ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. నేను మూత దించుతానని నాకే తెలియదు. ఎన్నేళ్ళుగా దించుతున్నానో తెలియదు. మా ఆయన ఏనాడైనా నా పని మూసెయ్యమన్నాడా అంటే లేదు. చెయ్యెత్తలేదు, గొంతు పెంచలేదు. మంచివాడని నలుగురూ అంటారు, నేనూ అంటాను. "ఇంకా బొమ్మలేనా?" అంటాడు నవ్వుతూ. "అదృష్టవంతురాలివోయ్, చల్లగా కూర్చుని గీతలు గీసుకుంటున్నావ్" అంటాడు. కళ్ళు పాడైపోతాయి, మార్పుగా ఉంటుంది కాస్త ఉల్లిపాయలు తరుగు, అంటుంది అత్తగారు. ఏ మాటకామాట తూకం వేస్తే ఏమీ లేదు, పోట్లాడటానికి కూడా పనికిరాదు. అన్నీ కలిసి నా ఎడమచేతికి ఒక పని నేర్పాయి.

ఆయన జేబులో ఇంటి తాళంచెవి ఎప్పుడూ ఉంటుంది. కొత్తలో ఒకసారి, తలుపు మీరే తీసుకుని రావచ్చు కదండీ అన్నాను. ఇంట్లో మనిషుండగా తాళం తీసుకుని రావడమేంటి, హాస్టల్లో ఉన్నట్టు, అన్నాడు. ఆ మాటకు అప్పుడు మురిసిపోయాను కూడా.

ఆ వీడియో చూశాక రెండు రోజులు గీత పడలేదు. కోర్సుకెళ్తే మేడమ్ గదిలోకి రాగానే నా భుజాలు లేవడం తెలిసింది. ఇంట్లో అత్తగారు దగ్గితే తెలిసింది. స్నానాల గదిలో పంపు తిప్పుకుని ఏడ్చాను, ఏడుస్తూ కూడా ఒక చెవి బయటే పడేశాను. ఫ్రీలాన్స్ అంటే ఏమిటో అప్పుడు అర్థమైంది. ఇదే టేబుల్, ఇదే లిఫ్టు గేటు, వీటికి తోడు పక్కన ఉయ్యాల. ఆఫీసుకెళ్ళే ఆడది కనీసం దారిలో ఎవరి కోసమూ మొహం అమర్చుకోదు. నాకా దారి కూడా ఉండదు. పని వస్తుంది, చేస్తాను, చేస్తూ చేస్తూ నా పని మీద నేనే మూత వేసుకుంటూ బతికేస్తాను. అంతకంటే మానెయ్యడమే నయం కాదా అని, సింకులో గిన్నెలు తోముతూ తోముతూ నిజంగానే అనుకున్నాను.

అయినా గీశాను. ధైర్యం వచ్చి కాదు, ఇంకేం చెయ్యాలో తెలియక. భుజాలు, నాలుక, పెన్ను, మూత, చెయ్యి, జుట్టు, నవ్వు, అన్నీ ఉన్నవున్నట్టు గీశాను. రబ్బరు మేడమ్ ఆ షాటును తిప్పి తిప్పి చూసింది. ఏమీ చెరపమనలేదు. "తర్వాత?" అంది.

శనివారం సాయంత్రం ఆ షాటే తెర మీద మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటే మా ఆయన వెనక నుంచి వచ్చాడు. నా ఎడమచెయ్యి మూత మీదికి వెళ్ళింది. ఈసారి నాకు కనబడింది. దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆయన వంగి చూశాడు.

"ఎవరీవిడ, తేలు కుట్టిన దొంగలా ఉంది? ఏం చేసిందేం?" అన్నాడు. నవ్వు ఇంకాస్త బాగా పెట్టు, పనిచ్చేవాళ్ళకి నచ్చాలిగా అని సలహా కూడా ఇచ్చి, తువ్వాలు భుజానేసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు. ఆయన గుర్తుపడతాడని భయపడ్డాను. గుర్తుపట్టలేదు. ఏది ఎక్కువ బాధో తేల్చుకోలేకపోయాను.

టేబుల్ అవతల అత్తగారు బఠాణీలు ఒలుస్తోంది. ఆవిడ కూడా తెర వైపే చూస్తోందని ఆలస్యంగా గమనించాను. ఆ షాటుకు నేనింకా శబ్దం కలపలేదు. అందులో ఒక టేబుల్, దాని మీద లాప్‌టాప్, ఒక మనిషి, మూసిన తలుపు తప్ప ఇంకేమీ లేదు.

"గేటు చప్పుడైంది" అంది అత్తగారు.

ఏ గేటు అత్తయ్యా అని అడిగాను.

"ఆ అమ్మాయికి. మీ మామయ్య సైకిలు గేటుకి తగిలేది. నేను చదివే పుస్తకం పిండి డబ్బా వెనక పెట్టేసేదాన్ని." ఇంకో బఠాణీ కాయ చీల్చింది. "వద్దని ఆయనెప్పుడూ అన్లేదులే."

ఇద్దరం కాసేపు ఆ బొమ్మను చూశాం. బొమ్మ మూత దించింది, నవ్వింది, మళ్ళీ మొదటికొచ్చింది. ఇంకేమైనా చెప్తుందేమోనని ఎదురుచూశాను. కూర అడుగంటుతున్నట్టుంది చూడు, అంది అత్తగారు. చూడమనగానే లేచాను.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆయన ఉయ్యాల తేవడానికి చెల్లెలింటికి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ టేబుల్ కొసన చోటు చేసి ఉంచమన్నాడు. మర్నాడే సోమవారం. నా ఫిల్మ్‌కి ఇంకా ముగింపు లేదు. ఆమె తలుపు తియ్యడం గీద్దామంటే పెన్ను ముందుకు వెళ్ళడం లేదు. సరే, తియ్యొద్దు, కూర్చోనీ అనుకున్నాను. బెల్లు మోగుతూ ఉంటుంది, ఆమె కూర్చునే ఉంటుంది. గీసి చూశాను. ఒకసారి రాతిబొమ్మలా వచ్చింది. ఇంకోసారి అలిగిన పిల్లలా వచ్చింది. ఎలా గీసినా అబద్ధంగానే ఉంది. అప్పుడు తెలిసింది, బెల్లు మోగితే లేవని ఆడమనిషిని నేనెప్పుడూ చూడలేదు. మా అమ్మను చూడలేదు, అత్తగారిని చూడలేదు, వెనకింటి డాక్టరమ్మను కూడా చూడలేదు. చూడనిది ఎలా గీస్తాం?

టేబుల్ కొసన చోటు చెయ్యలేదు. కప్పుల మధ్య ఫోన్ నిలబెట్టి రికార్డింగ్ నొక్కాను. వచ్చి కూర్చుని పెన్ను పట్టుకున్నాను. నాలుక కొస బయటికి రానేలేదు. వస్తుందని నేనూ అనుకోలేదు.

లిఫ్టు గేటు జరిగింది. భుజాలు లేచాయి, అవి నా మాట వినవు. ఎడమచెయ్యి కదిలింది. దాన్ని కుడిచేత్తో టేబుల్‌కి అదిమి పట్టాను. ఉయ్యాల ఇనుప కాళ్ళు గోడకు తగిలిన చప్పుడు వినిపించింది. బెల్లు మోగింది.

సోఫాలో పడుకున్న అత్తగారు లేచి కూర్చుంది. నా వైపు చూసింది. నేను కదలకపోయేసరికి ఆవిడ పాదాలు చెప్పుల కోసం కింద తడుముకున్నాయి, ఆ మోకాళ్ళతో. రెండోసారి బెల్లు మోగింది. నా మోకాళ్ళు వాటంతటవే లేవబోయాయి. ఇదేం పిచ్చి, లేచి తీస్తే పోలేదా, బయట ఉన్నది మీ ఆయనే కదా అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. చెప్పుకుంటూనే కుర్చీకి అతుక్కుని ఉన్నాను.

"ఏమోయ్, చేతులు ఖాళీ లేవు, తియ్యి" అన్నాడు బయట నుంచి.

"అమ్మాయ్..." అంది అత్తగారు మెల్లగా. ఆవిడ చూపు నా మీది నుంచి అలమరలోకి, కప్పుల మధ్య ఉన్న ఫోన్ మీదికి వెళ్ళింది. అక్కడ కాసేపు ఆగింది. ఆ తర్వాత ఆవిడ ఒక్కో పాదాన్నీ పైకి లాక్కుని సోఫా మీద మఠం వేసుకుంది.

మూడోసారి బెల్లు చాలాసేపు మోగింది. నా చంకలు తడిసిపోయాయి. బయట ఉయ్యాలను నేల మీద దించిన చప్పుడైంది. జేబులో గుత్తి గలగలలాడింది. లోపల కూర్చుని తాళంచెవి తిరగడం వినడం, ఈ ఇంటికొచ్చాక నాకిదే మొదటిసారి.

తలుపు తెరుచుకుంటోంది. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. చూసి గీయాలి.