ఒలందా దొర పొలం

భారతికి అమ్మవారు పోసిన రోజునే వీధి గుమ్మానికి వేపమండలు కట్టారు. వంటింట్లో పోపు ఆగిపోయింది. అమ్మవారున్న ఇంట్లో నూనె వాసన తగలకూడదని వరహాలమ్మ తలుపు బందులకు పూసిన ఆముదం కూడా తుడిపించింది. ఇక మిగిలింది మనవరాలి మంచానికి ఎదురుగా, గోడమీది పటం.

హాలండు నుంచి వచ్చి గోపాలపురంలో ఉండిన ఒలందా దొర, ఓడెక్కి వెళ్లిపోతూ, బరంపురంలో తనకు పట్టుబట్టలు అమ్మే భారతి తాత కాశీవిశ్వనాథానికి ఇచ్చిపోయాడు దాన్ని. వాళ్ల దేశపు గోధుమ పొలం, పైన ఊదారంగు ఆకాశం. దగ్గరికి వెళ్తే పొలం కనబడదు, గట్టిపడిన పసుప్పచ్చటి రంగు పొక్కులే. నాలుగడుగులు వెనక్కి వస్తే గాలికి ఊగే పైరు.

"అది నూనె రంగుల బొమ్మ. తీసి అవతల పారెయ్," అంది వరహాలమ్మ కోడలితో.

"నూనె ఎప్పుడో ఆరిపోనాది, అత్తయ్యా," అంది కామాక్షి.

"ఆరితే? ఆయమ్మకి ముక్కు నేదేటి?"

భారతి మంచం మీంచి సన్నగా అంది: "ఉండనీ మామ్మా. దానికీ అమ్మోరు పోసింది. అది గోక్కోట్లేదు సూడు. నానూ గోక్కోను."

వరహాలమ్మ పటాన్ని దగ్గరగా చూసింది. వేపాకు నీళ్లు తెచ్చి పిల్లమీద చల్లింది. రెండు చుక్కలు పటం మీద కూడా చల్లింది.

తరవాత పిల్ల రెప్పలు వాచి మూసుకుపోయాయి. కంట్లో పొక్కు లేస్తే చూపు దక్కదని ఇంట్లో అందరికీ తెలుసు. చేతులు మొహం మీదికి పోయినప్పుడల్లా కామాక్షి వాటిని పట్టుకుని, పటంలో ఏముందో చెప్పేది. భారతి అప్పజెప్పేది: "కింద పొలం. పైన ఆకాశం. మూల మూడు సెట్లు."

వాపు తగ్గిన ఉదయం కామాక్షి తడిగుడ్డతో అద్దుతూ రెప్పలు విడదీసింది. ఎర్రటి కళ్లు. ఎటు చూస్తున్నాయో తెలియలేదు.

"కనబడతందేటే, తల్లీ?" అంది వరహాలమ్మ.

"ఆఁ. కింద పొలం. పైన ఆకాశం. మూల మూడు సెట్లు."

వరహాలమ్మ చేతులు జోడించింది. కామాక్షి జోడించలేదు. అవే మాటలు, అదే వరస. పిల్ల మొహం గోడవైపైనా లేదు.

"ఒక్కసారి కళ్లు మూసుకో, అమ్మా."

చప్పుడు కాకుండా వెళ్లి పటాన్ని తలకిందులు చేసి తగిలించింది. ఏదో అనబోయిన అత్తగారిని చేత్తో వారించింది. పిల్ల మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని గోడవైపు తిప్పింది.

"ఇప్పుడు సెప్పు."

భారతి నుదురు ముడిపడింది. వరహాలమ్మ చేతిలోని వేపమండను గుండెకు అదుముకుంది.

"ఏటిది మామ్మా?" అంది భారతి కోపంగా. "సెట్లు పైనుంచి ఏలాడతన్నాయి! నువ్వే తిరగేసినావు కదా?"

"నాను కాదే, మీ యమ్మే!" అంటూ వరహాలమ్మ మళ్లీ చేతులు జోడించింది.

"సరిగ్గా పెట్టమ్మా. ఆకాశం కారిపోద్ది."

కామాక్షి లేచి వెళ్లి ఆకాశాన్ని మళ్లీ పైకి తిప్పింది.