మోకాళ్ళ లోతు

బాబాయి రోజూ పొద్దున్నే లేచి, మోకాళ్ళ దాకా నేలలో దిగబడి నడుచుకుంటూ వంటింట్లోకెళ్ళి టీ పెడతాడు. స్టవ్ గట్టు ఆయనకి ఛాతీ దాకా వస్తుంది. ఆయన నడిచిన చోట గచ్చు మళ్ళీ నీళ్ళలా కలిసిపోతుంది. చదువుకి ఎంత అప్పు తీసుకుంటే మనిషి అంత లోతు దిగుతాడు, అందులో వింతేం లేదు. జీతం పడిన రోజు బాబాయి కాస్త పైకి లేస్తాడు. వడ్డీ పడిన రోజు మళ్ళీ దిగుతాడు.

ఆయన చదివింది జియలాజికల్ ఇంజనీరింగ్. కట్టబోయే బిల్డింగుని కింద మట్టి మోస్తుందో లేదో చూసి చెప్పడం ఆయన పని. జోకేం కాదు, నిజంగా అదే పని.

చదువు కోసం ఆయన దగ్గరే ఉంటున్న అన్న కూతురు కూడా ఆ కోర్సే చేస్తానంది. సీటు ఖాయం చేసుకోడానికి ఇవాళే ఆఖరు. ల్యాప్‌టాప్‌లో కాలేజీలన్నిటినీ జీతాల ప్రకారం పేర్చింది. అప్పుల కాలమ్ మాత్రం దాచేసింది.

"మీ కాలేజీయే ఫస్టు బాబాయ్. మిగతావి దాని దరిదాపుల్లో కూడా లేవు."

"దాచిన కాలమ్ తియ్యి పొట్టీ. మా పనిలో ఎన్ని అంతస్తులని తర్వాత అడుగుతాం. ముందు కింద ఏముందో చూస్తాం."

"పొట్టీ అనకు. ఇప్పుడు నువ్వే నా భుజం దాకా ఉన్నావ్."

బాబాయి నవ్వాడు. ఆమె కాలమ్ తెరిచింది. పై కాలేజీకి మోకాళ్ళ లోతు. అట్టడుగున, బస్సులో వెళ్ళొచ్చే కాలేజీకి జీతం ఓ మోస్తరు, అప్పు చీలమండ దాకా. అయినా పైదే కావాలంది, అంత జీతమొస్తే ఇట్టే తేలిపోతానంది. బాబాయి కూడా ఒకప్పుడు అలాగే అన్నాడు.

ఆయన మేడలెక్కడు. ఎక్కితే కింది వాటావాళ్ళ సీలింగులోంచి కాళ్ళు వేలాడతాయి. పెళ్ళి చేసుకుందామనుకున్నామె ఉండేది నాలుగో అంతస్తులో. కొన్నాళ్ళు ఆమే కిందికి దిగొచ్చింది, తర్వాత మానేసింది. స్నేహితులతో వీధిలో నిలబడి బాల్కనీల వైపు చూస్తూ మాట్లాడేవాడు. ఇప్పుడు అదీ లేదు.

"కింద ఎలా ఉంటుంది బాబాయ్?" ఇన్నాళ్ళూ ఎప్పుడూ అడగలేదు.

"చల్లగా ఉంటుంది." టీ ఊదుకున్నాడు. "మా బ్యాచంతా ఇదే లోతులో ఉన్నారు కదా, ఎప్పుడో ఎవరి కాలైనా తగులుతుందిలే అనుకునేవాణ్ణి. ఎవరూ తగల్లేదు."

ఆమె స్క్రీన్ కిందిదాకా జరిపి, అట్టడుగు కాలేజీ మీద నొక్కింది. లోనుకి సరేనంది.

కుర్చీ కింద గచ్చు మెత్తబడింది. పాదాలు చీలమండల దాకా దిగి ఆగాయి. నిజంగానే చల్లగా ఉంది. వేళ్ళు కదిపి చూస్తుంటే ఏదో వెచ్చగా తగిలింది. బాబాయి పిక్క.

"అయ్యో, సారీ," అంటూ కాలు వెనక్కి తీసుకోబోయింది.

బాబాయి కప్పు పట్టుకుని కదలకుండా నిలబడిపోయాడు.

"ఉండనీ," అన్నాడు.