చెరిపెయ్యక్కా

ఆ బ్యాండ్‌ని పెళ్లికి పిలిస్తే పెళ్లికూతురి కంటే ముందు పెళ్లికొడుకు ఏడుస్తాడని ఒక జోకు ఉండేది. నిజానికి అది జోకేమీ కాదు, వాళ్ల పాటలు అలాంటివే మరి. పాడేది తమ్ముడు, బేస్ గిటారు అక్కది, డ్రమ్స్ మీద పిడుగు. మనిషి పిల్లి కంటే మెత్తన, వాయించేటప్పుడే పిడుగు.

ఇదే చివరి ఆల్బమ్ అని ముగ్గురికీ ముందే తెలుసు. తమ్ముడి గొంతులో ఉన్నది మామూలు గడ్డ కాదని, వచ్చే నెలలో స్వరపేటిక మొత్తం తీసెయ్యక తప్పదని డాక్టరు చెప్పేశాడు. ఈలోగా పాటలన్నీ పాడేస్తానని వాడు భీష్మించుకుని కూర్చున్నాడు. అక్క సరేనంది. వాడు పుట్టిన దగ్గర్నుంచీ వాడి మాట కాదనడం ఆమెకు చేతకాదు.

స్టూడియో అంటే బట్టల కొట్టు వెనక గది. గోడలకు పాత పరుపులు, మూలన టేపు మిషన్. దాన్ని నడిపేదీ అక్కే. వాళ్లకొక పద్ధతి ఉంది. ముందు తమ్ముడు పాటను ఊరికే ఒకసారి పాడతాడు. దాన్ని గైడ్ అంటారు. అది చెవుల్లో వింటూ మిగతా ఇద్దరూ వాయిస్తారు. వాయిద్యాలు పూర్తవగానే తమ్ముడు "చెరిపెయ్యక్కా" అంటాడు, ఆమె ఆ గైడ్‌ని చెరిపేస్తుంది. చిత్తుప్రతి దాచుకున్నవాడు అసలు పాటను మనసు పెట్టి పాడడని వాడి సిద్ధాంతం. మొదటి ఆల్బమ్ నుంచీ ఇదే వరస.

చివరి పాట గైడ్ పాడిన రోజు వాడి గొంతు బొంగురుపోయింది. ఒక చరణం మధ్యలో ఆగి, దగ్గి, తనలో తానే నవ్వుకుని మళ్లీ అందుకున్నాడు. పిడుగు కళ్లు తుడుచుకుంటూ వాయించాడు. అసలు పాట రేపు పాడతానని చెప్పి తమ్ముడు ఇంటికి వెళ్లిపోయాడు. "చెరిపెయ్యక్కా" అనడం మరిచిపోయాడు. అక్క మరిచిపోలేదు. వైర్లు చుట్టబెడుతూ, పిడుగుతో ఏదో కబురు చెబుతూ చెరిపే మీట నొక్కేసింది. అలవాట్లో పొరపాటు అంటారే, అది.

మర్నాడు పొద్దున్నే తమ్ముడు నెత్తురు కక్కుకున్నాడు. నెల ఆగుదామన్న డాక్టరు ఆ పూట కూడా ఆగకుండా ఆపరేషన్ చేసేశాడు.

తను చేసిన పని ఆమెకు ఆసుపత్రి వరండాలో గుర్తొచ్చింది. పరుగున స్టూడియోకి వచ్చి టేపు పెట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. బేస్ ఉంది, డ్రమ్స్ ఉన్నాయి, గొంతు ఉండాల్సిన చోట సన్నటి బుసబుస తప్ప ఏమీ లేదు. ఆమె పరుపు గోడకు మొహం ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది.

కోలుకున్నాక తమ్ముడు స్టూడియోకి వచ్చాడు. మెడ ముందు రంధ్రం, దాని మీద పల్చటి గుడ్డ. ఊపిరి ఇక దాని గుండానే. జరిగింది అక్క దాచకుండా చెప్పింది. వాడు మైకు ముందు నిలబడి, పాట పెట్టమని సైగ చేశాడు.

ఆమె రికార్డు నొక్కింది. వాడు ప్రతి మాటా పెదవులతో పాడాడు. శబ్దాన్ని చూపే మీటరు ముల్లు కదల్లేదు. నోటి దగ్గర ఊపిరైనా లేదు. పిడుగు చూడలేక బయటికి వెళ్లిపోయాడు.

అక్క టేపు వెనక్కి తిప్పి, వెళ్లి మైకు స్టాండును వాడి మెడ దాకా దించింది. వాడు అడ్డు చెప్పలేదు. ఈసారి ముల్లు కదిలింది. పల్లవిలో నిదానంగా, చరణంలో ఆయాసంగా ఊపిరి ఆడింది. అప్పుడు దగ్గిన చోటే ఇప్పుడూ ఆగి, మళ్లీ అందుకుంది.

పాట అయిపోయింది. వాడు ఇటు తిరిగి పెదవులు కదిపాడు. చెరిపెయ్యక్కా. శబ్దం లేకపోయినా ఆమెకు తెలిసింది.

ఆమె వేలు మీట మీదికి వెళ్లి ఆగిపోయింది.

"చెరపను రా," అంది. "నా వల్ల కాదు."

వాడు మళ్లీ అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. హెడ్‌ఫోన్స్ కొక్కేనికి తగిలించి వాడు వెళ్లిపోయాడు.

ఆల్బమ్ బయటికొచ్చింది, చివరి పాటలో ఆ ఊపిరితోనే. చివరి పాట విని కుమిలిపోయామని ఎందరో చెబుతారు. వాడు మాత్రం వినలేదు. అక్క ఇంటికి వెళ్తే తలుపు తీస్తాడు, కుర్చీ చూపిస్తాడు. మెడకు మఫ్లర్ చుట్టుకుని, ఊపిరి చప్పుడు ఆమెకు వినబడనంత దూరంగా వెళ్లి కూర్చుంటాడు.