బియ్యం సంచి మీద కెమెరా

“బజ్జీల పిండిలో వాము వేశావా?” అని హాల్లోంచి కేకేశారు మా ఆయన సుధాకరరావు. అప్పుడు నేను వంటింటి గట్టు మీద కెమెరా పెట్టుకుని ఫిల్ము కొసను గాడిలోకి దూరుస్తున్నాను. వేశానని అరిచాను. వేసి గంటయింది. బజ్జీలు సగం వేయించడం కూడా అయింది. ఈ సాయంత్రం ఈద్ బాణసంచా. సముద్రపు ఒడ్డున కార్నిష్ రోడ్డు మీద పైకి లేచేవన్నీ అల్ హిలాల్‌లో మా బిల్డింగు డాబా మీదికి కనబడతాయట. ‘అట’ అనే అనాలి, ఎందుకంటే నేను చూడలేదు. తొంభై ఒకటిలో దోహా వచ్చాను, ఇప్పుడు తొంభై నాలుగు. మూడేళ్ళూ బాణసంచా విన్నాను. పైన ఆయనా, ఆయన పిలిచినవాళ్ళూ చూస్తుంటే కింద నేను మూకుడు ముందు నిలబడ్డాను.

అందుకే ఈసారి నెల ముందే చెప్పాను. “ఆ పావుగంట నాది. నేను ఫోటోలు తీసుకుంటాను. బజ్జీలు ముందే పెట్టేస్తా, టీ తర్వాత ఇస్తా. మధ్యలో నన్ను పిలవొద్దు.” ఆయన నవ్వి “సరేలే తల్లీ” అన్నారు.

నిరుడు కెమెరా ఆయన చేతిలో ఉంది. ఇంజనీరు కదా, ఎవరినీ అడగరు. నాలుగు కిలోమీటర్ల అవతల పేలేవాటికి ఫ్లాష్ వేసి రోలంతా కొట్టేశారు. కడిగించి తెస్తే ముప్ఫై ఆరింటిలోనూ నల్లటి ఆకాశం, దాని ముందు తీగ మీద ధగధగా మెరుస్తూ నా లంగాలు. స్టూడియో హమీదుద్దీన్ గారి మీద “మీ కెమికల్ పాతది” అని ఎగిరారు. ఇంటికొచ్చాక నా వంతు. “సాయంత్రమైతే బట్టలు తియ్యాలని తెలీదా?” తెలుసు. ఆ సాయంత్రం నాకు రెండే చేతులున్నాయి. పెళ్ళికి ముందు గుడివాడలో రెండేళ్ళు ఫిజిక్సు చెప్పినదాన్ని. దూరం పెరిగేకొద్దీ వెలుతురు ఎంత తగ్గిపోతుందో బోర్డు మీద లెక్క వేసి చూపించినదాన్ని. ఇక్కడ నా వీసా మీద ‘గృహిణి, పని చేయరాదు’ అని ముద్ర. ఆ ముద్ర కొట్టినవాడెవడో ఇక్కడి సెలవురోజు శుక్రవారం నాడు మా వంటిల్లు చూడలేదు.

మొన్న నేనే స్టూడియోకి వెళ్ళాను. హమీదుద్దీన్ గారిది కరీంనగర్. “అమ్మా, ఫ్లాష్ మూడు గజాలు పోతది, ఆస్మాన్ దాంక ఏం పోతది?” అని నవ్వారు. “గీ చక్రం ‘బీ’ మీద పెట్టుండ్రి. మీట నొక్కినంతసేపు కెమెరా కన్ను తెరిచే ఉంటది. ఎనిమిది లెక్కవెట్టి ఇడువుండ్రి. కదల్చొద్దు.” స్టాండు లేదన్నాను. “బియ్యం సంచి లేదా? దాని మీద పండవెట్టుండ్రి, పసిపిల్లను పండవెట్టినట్టు.” చెయ్యి తగలకుండా మీట నొక్కే చిన్న వైరు కూడా ఇచ్చారు, మళ్ళీ తెచ్చిమ్మని.

ఎనిమిదింటికి డాబా మీద మేం నలుగురం. మా ఆయన ఆఫీసులో పెద్దాయన రామకృష్ణారావు గారు, ఆయన భార్య కమలాదేవి గారు కుర్చీల్లో కూర్చుని బజ్జీలు తింటున్నారు. పిట్టగోడ మీద అయిదు కిలోల బియ్యం సంచి, దాని మీద కెమెరా.

“ఏమ్మా మాలతీ, కెమెరాకి కూడా నువ్వే అన్నం పెడతావా?” అన్నారు రామకృష్ణారావు గారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అదొక అలవాటు.

మొదటిది లేచింది. ఎర్రగా విచ్చుకుంది. వైరు నొక్కి ఎనిమిది లెక్కపెట్టి వదిలాను. చప్పుడు ఇంకా రాలేదు. వెలుగంతా ఆరిపోయాక తీరిగ్గా వచ్చింది. మూడేళ్ళు నేను విన్నది ఈ చప్పుడన్నమాట, అన్నీ అయిపోయాక వచ్చేది. తొమ్మిది తీశాను. ఒక్కటీ కదల్లేదు.

“మాలతీ, మేడమ్‌కి గొంతు పట్టేసిందిట. టీ పెట్టు” అన్నారు మా ఆయన.

“ఇంకో పది నిమిషాలు.”

“నేను తీస్తాలే, నువ్వెళ్ళు.” వైరు నా చేతిలోంచి లాక్కున్నారు. నేను వదిలేశాను, అదీ నా తప్పే. నాలుగడుగులు వేశానో లేదో వెనక టక్కున చప్పుడు. తిరిగి చూస్తే కెమెరాని మెట్లగది ట్యూబులైటు వెలుతురుకి తిప్పి, వెనక తలుపు బార్లా తెరిచి సార్‌కి చూపిస్తున్నారు. “రోలు అసలు తిరుగుతోందో లేదో చూస్తున్నా సార్.”

“వెలుతురు తగిలితే పోతుందంటారే?”

“రాత్రేగా సార్, ఏం కాదు.”

లాక్కుని మూశాను. తొమ్మిదీ పోయాయి. ఆయన నా మొహం చూడలేదు, సార్ మొహం చూశారు. “పోనీలేవే, వచ్చే ఈద్‌కి తీద్దువుగాని. ముందు టీ సంగతి చూడు.”

ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. రీలు డబ్బాలో ఇంకా చుట్టుకుని ఉన్న ఫిల్ముకి వెలుతురు తగల్లేదని నాకు తెలుసు. రెండుసార్లు ముందుకి తిప్పాను. ఇంకా ఇరవై దాకా ఉన్నాయి. అవతల పెద్దవి మొదలయ్యాయి, ఒకదాని మీద ఒకటి.

“మీరెళ్ళి పెట్టండి” అన్నాను.

“ఏంటీ?”

“టీ. పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. పొయ్యి వెలిగించడానికి మీ చదువు చాలు.”

రామకృష్ణారావు గారు బజ్జీ నమలడం ఆపారు. “అయ్యో, నేను పెడతాలేమ్మా” అంటూ కమలాదేవి గారు లేచారు. ఇద్దరు మగవాళ్ళుండగా లేచింది ఆవిడే.

“మీరు కూర్చోండి కమలాదేవి గారూ. చివరిదాకా చూడండి.”

ఆవిడ ఒక్క క్షణం ఆగి, కూర్చున్నారు. నేను కెమెరాని బియ్యంలోకి అదిమి వైరు నొక్కాను. ఒకటి, రెండు, మూడు. నా వెనక ఆయన మెట్లు దిగారో, అక్కడే నిలబడ్డారో నాకు తెలీదు. నేను వెనక్కి తిరగలేదు, తిరిగితే ఫోటో కదులుతుంది.